ఐదు కోట్ల నిధి, మూడు లక్షల కోట్ల పద్దు

ఒక నియోజకవర్గ ఆర్థిక స్థితిని మెరుగుపరచడంలో శాసనసభ్యుడి పాత్ర ఏమిటన్న ప్రశ్నకు తెలుగునాట ఎన్నికల వేళ వినిపించే సమాధానాలు చాలావరకు కట్టడాల రూపంలోనే ఉంటాయి: వేసిన సీసీ రోడ్లు, కట్టించిన కమ్యూనిటీ హాళ్లు, తవ్వించిన బోర్లు, వాటి పక్కనే పేరు చెక్కిన శిలాఫలకాలు. ఈ సమాధానాల్లో అబద్ధమేమీ లేదు గాని, రాజ్యాంగం శాసనసభ్యుడికి అప్పగించిన ఆర్థికాధికారంలో వీటి వాటా చాలా చిన్నది. మిగిలినదంతా ఏటా శాసనసభ ముందుకు వచ్చే బడ్జెట్ సంపుటాల్లోను, వాటిపై జరిగే, తరచుగా జరగకుండానే ముగిసిపోయే చర్చల్లోను, ఎవరి కంటా పడని శాసనసభా సంఘాల నివేదికల్లోను ఉంది. ఓటరు అడిగేది మొదటి దాన్ని గురించి కాబట్టి ఎమ్మెల్యే కూడా దానికే ఎక్కువ సమయం ఇస్తాడు. ఈ రెండింటి మధ్య ఉన్న దూరం ఎంతో తెలియాలంటే కొంచెం లెక్క వేయాలి.

నియోజకవర్గ అభివృద్ధి నిధి అంటే శాసనసభ్యుడు తన ప్రాంతంలో చిన్న చిన్న పనులను సిఫారసు చేయడానికి ప్రభుత్వం ఏటా కేటాయించే సొమ్ము. దీనికి మాతృక 1993 డిసెంబరులో పార్లమెంటు సభ్యుల కోసం ప్రకటించిన స్థానిక ప్రాంత అభివృద్ధి పథకం. ఎంపీకి 1994-95లో కోటి రూపాయలుగా ఉన్న ఆ నిధి 1998-99లో 2 కోట్లకు, 2011-12లో 5 కోట్లకు పెరిగింది. రాష్ట్రాలు కూడా అదే బాట పట్టి తమ శాసనసభ్యులకు ఇలాంటి నిధులు ఏర్పాటు చేసుకున్నాయి. తెలంగాణ 2021లో దీన్ని 3 కోట్ల నుంచి 5 కోట్లకు పెంచింది. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో ‘గడప గడపకు మన ప్రభుత్వం’ కార్యక్రమంలో వచ్చిన వినతులకు అనుగుణంగా పనులు చేయించడానికి నియోజకవర్గానికి 2 కోట్ల చొప్పున ఇచ్చారు. ఈ సొమ్ము ఎమ్మెల్యే చేతికి రాదు. ఆయన సిఫారసు చేస్తే జిల్లా యంత్రాంగం పరిపాలనా ఆమోదం ఇస్తుంది, ఇంజినీర్లు అంచనాలు తయారుచేస్తారు, పని పూర్తయ్యాక బిల్లు ఖజానాకు వెళ్తుంది, ఖజానాలో డబ్బుంటే గుత్తేదారుకు చెల్లింపు జరుగుతుంది. చివరి మెట్టు దగ్గర ఆగిపోయిన పనులు రెండు రాష్ట్రాల్లోనూ కొల్లలు.

తెలంగాణలో 2023 ఎన్నికల నాటికి ఓటర్లు దాదాపు 3.26 కోట్లు, నియోజకవర్గాలు 119. అంటే సగటున ఒక్కో నియోజకవర్గానికి 2.74 లక్షల మంది. ఐదు కోట్లను వారికి పంచితే తలకు ఏడాదికి 180 రూపాయల పైచిలుకు వస్తుంది. అదే రాష్ట్రం 2025-26కు ప్రతిపాదించిన బడ్జెట్ 3,04,965 కోట్లు. దాన్ని 119తో భాగిస్తే ఒక్కో నియోజకవర్గం వాటా సుమారు 2,560 కోట్లు. ఆంధ్రప్రదేశ్ అదే సంవత్సరానికి ప్రతిపాదించిన 3,22,359 కోట్లను 175 నియోజకవర్గాలకు పంచితే 1,840 కోట్ల పైమాటే. ఖర్చు నియోజకవర్గాలవారీగా సమానంగా జరగదు కాబట్టి ఇది కేవలం కాగితం మీది సగటు. అయినా దాని అర్థం స్పష్టంగానే ఉంది: తెలంగాణ శాసనసభ ఆమోదించే ప్రతి వంద రూపాయల్లో ఎమ్మెల్యే తనదని చెప్పుకోగలిగిన నిధి 20 పైసలు. రాజకీయ జీవితంలో అధిక భాగం ఆ 20 పైసల చుట్టూ తిరగడం, మిగిలిన 99 రూపాయల 80 పైసలు ఆర్థికశాఖ అధికారులకూ మంత్రివర్గానికీ వదిలేయడం ఒక విచిత్రమైన సర్దుబాటు.

ఈ నిధిపై అభ్యంతరాలు కొత్తవి కావు. జస్టిస్ వెంకటాచలయ్య అధ్యక్షతన రాజ్యాంగ పనితీరును సమీక్షించిన జాతీయ సంఘం 2002లో ఎంపీల నిధిని ఎత్తివేయాలని సూచించింది. వీరప్ప మొయిలీ నేతృత్వంలోని రెండో పరిపాలనా సంస్కరణల సంఘం 2007లో ఎంపీల, ఎమ్మెల్యేల నిధులు రెండింటినీ రద్దు చేయాలంది. ప్రభుత్వం చేసే ఖర్చును ప్రశ్నించవలసిన వ్యక్తే ఖర్చులో భాగస్వామి అయితే, పరీక్ష రాసేవాడే పేపరు దిద్దినట్టు ఉంటుందన్నది వాటి వాదనలోని సారం. అయితే సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2010లో భీమ్ సింగ్ కేసులో ఎంపీల నిధి రాజ్యాంగబద్ధమేనని తీర్పు చెప్పింది. న్యాయపరమైన చిక్కు అక్కడితో తీరింది. ప్రాధాన్యాల చిక్కు మాత్రం అలాగే ఉండిపోయింది.

శాసనసభ్యుడి నిజమైన పరిధి ఎంతో రాజ్యాంగంలోని ఏడో షెడ్యూలు చెబుతుంది. కేంద్రం, రాష్ట్రాలు ఏయే విషయాలపై చట్టాలు చేయవచ్చో పంచిన ఈ పట్టికలో వ్యవసాయం, నీరు, భూమి, స్థానిక స్వపరిపాలన, ప్రజారోగ్యం, సంతలు, మార్కెట్లు రాష్ట్రాల జాబితాలో ఉన్నాయి. పల్లెలోగాని పట్టణంలోగాని మనిషి బతుకుతెరువును తాకే విషయాల్లో చాలాభాగం ఇవే. రైల్వేలు, బ్యాంకులు, విదేశీ వాణిజ్యం మాత్రం కేంద్రానివి. ఎమ్మెల్యే అభ్యర్థులు రైల్వే లైను తెస్తామనో, పసుపు ఎగుమతి పెంచుతామనో ఇచ్చే వాగ్దానాల్లో వారి చేతిలో ఉండేది వినతిపత్రం మాత్రమే. ఊరి చెరువు తూము, మండల ఆస్పత్రిలో వైద్యుల ఖాళీలు, మార్కెట్ యార్డులోని కాటా మాత్రం అక్షరాలా వారి సభ పరిధిలోనివి. పైగా 2017 జులైలో వస్తు సేవల పన్ను అమల్లోకి వచ్చాక పన్ను రేట్లు నిర్ణయించే అధికారంలో ఎక్కువ భాగం జీఎస్టీ మండలికి వెళ్లిపోయింది. మద్యం, పెట్రోలు, డీజిలు, భూముల రిజిస్ట్రేషన్ల వంటి కొన్ని ఆదాయాలే రాష్ట్రాల చేతిలో మిగిలాయి. కేంద్రం పంచే పన్నుల్లో అన్ని రాష్ట్రాలకూ కలిపి 41 శాతం ఇవ్వాలన్న పదిహేనో ఆర్థిక సంఘం అందులో ఆంధ్రప్రదేశ్ వాటాను 4.047 శాతంగా, తెలంగాణ వాటాను 2.102 శాతంగా నిర్ణయించింది. రాబడి వైపు శాసనసభకు పట్టు సడలిన కొద్దీ వ్యయం వైపు దాని బాధ్యత పెరుగుతుంది.

వ్యయంపై సభకున్న అధికారాన్ని రాజ్యాంగంలోని 203వ అధికరణం నిర్వచిస్తుంది. ఒక్కో శాఖకు కావలసిన సొమ్మును ప్రభుత్వం ఒక్కో పద్దుగా సభ ముందు పెడుతుంది; దీన్నే గ్రాంట్ల డిమాండు అంటారు. సభ దాన్ని ఆమోదించవచ్చు, నిరాకరించవచ్చు, తగ్గించవచ్చు. పెంచడానికి మాత్రం వీల్లేదు, ఎందుకంటే గవర్నరు సిఫారసు లేకుండా, అంటే ఆచరణలో మంత్రివర్గం తలచుకోకుండా, ఏ గ్రాంటునూ కోరడానికి లేదు. కాబట్టి తన నియోజకవర్గంలోని కాలువకు 10 కోట్లు అదనంగా చేర్చాలని ఏ సభ్యుడూ సవరణ ప్రతిపాదించలేడు. చేయగలిగింది కోత తీర్మానం: విధానాన్నే వ్యతిరేకిస్తే పద్దును ఒక రూపాయికి తగ్గించాలని, పొదుపు కోరితే ఫలానా మొత్తం కోయాలని, ఒక నిర్దిష్టమైన ఫిర్యాదును చర్చకు తేవాలంటే నామమాత్రంగా 100 రూపాయలు తగ్గించాలని కోరవచ్చు. మూడో రకానిది చూడడానికి హాస్యాస్పదంగా ఉంటుంది గాని స్థానిక సమస్యను మంత్రి చేత సభలో సమాధానం చెప్పించే మార్గాల్లో అది ఒకటి. అప్పులపై వడ్డీ, హైకోర్టు న్యాయమూర్తుల జీతాల వంటి కొన్ని ఖర్చులపై చర్చించవచ్చు గాని ఓటు వేయడానికి లేదు.

ఇన్ని పరిమితులకు తోడు 1985లో వచ్చిన పదో షెడ్యూలు, అంటే ఫిరాయింపుల నిరోధక నిబంధన, పార్టీ విప్‌ను ధిక్కరించి ఓటు వేసిన సభ్యుడి పదవికే ఎసరు పెడుతుంది. అందువల్ల పద్దులపై ఓటింగు ఫలితం సభ మొదలయ్యేనాటికే అందరికీ తెలుసు. తెలియనిదీ ముఖ్యమైనదీ చర్చే. ఆ చర్చకు దొరికే సమయం చూస్తే దిగులు కలుగుతుంది: దేశంలో రాష్ట్రాల శాసనసభలు ఇటీవలి కాలంలో సగటున ఏడాదికి 30 రోజులు కూడా సమావేశం కావడం లేదు. వేల కోట్ల పద్దులు ఒకే పూటలో అరడజను చొప్పున ఆమోదం పొందడం, మిగిలినవాటిని చివరి రోజున చర్చ లేకుండా మూకుమ్మడిగా ఓటుకు పెట్టడం మామూలైపోయింది. శంకుస్థాపనకు సగం రోజు కేటాయించే వ్యవస్థ ఆ శంకుస్థాపనకు డబ్బు ఎక్కడినుంచి రావాలో తేల్చడానికి కొన్ని నిమిషాలైనా ఇవ్వకపోవడాన్ని తప్పుపట్టే ఓటరు అరుదు.

బడ్జెట్ మొత్తంలో అధిక భాగం ముందే ఖర్చయిపోయినదన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి. జీతాలు, పింఛన్లు, వడ్డీలు, సబ్సిడీలు, సంక్షేమ చెల్లింపులు రెవెన్యూ వ్యయం కిందికి వస్తాయి. రోడ్లు, కాలువలు, భవనాల వంటి ఆస్తులు సృష్టించేది మూలధన వ్యయం. 2025-26 అంచనాల్లో తెలంగాణ మూలధన వ్యయం 36,504 కోట్లు, ఆంధ్రప్రదేశ్‌ది సుమారు 40,635 కోట్లు. ఈ లెక్కన సగటు నియోజకవర్గానికి దక్కేది తెలంగాణలో 300 కోట్ల పైచిలుకు, ఆంధ్రప్రదేశ్‌లో 230 కోట్ల పైచిలుకు. ఇది కూడా సగటే. ఒక పెద్ద ఎత్తిపోతల పథకమో, రాజధాని నిర్మాణమో అందులో పెద్ద ముక్కను మింగేస్తుంది. అయినప్పటికీ 5 కోట్లతో పోలిస్తే ఇది ఎన్నో రెట్లు పెద్దది. సమర్థుడైన శాసనసభ్యుడి పోటీ ఈ సొమ్ము కోసమే సాగాలి.

అడగందే అమ్మయినా పెట్టదన్న సామెత ఈ పోటీకి సరిగ్గా సరిపోతుంది, ఎందుకంటే సభలో అడగడానికి పద్ధతులున్నాయి. నక్షత్రపు గుర్తు గల ప్రశ్నకు మంత్రి సభలో నోటితో జవాబు చెప్పాలి, దానిపై అనుబంధ ప్రశ్నలు వేయవచ్చు. గుర్తు లేని ప్రశ్నకు లిఖితపూర్వకమైన జవాబు వస్తుంది. రెండోదానికి పత్రికల్లో చోటు దొరకదు గాని, ఏ కాలువకు ఎంత మంజూరైంది, ఎంత ఖర్చయింది, ఎన్ని బిల్లులు ఆగాయి అన్న అంకెలు ప్రభుత్వ సంతకంతో రాబట్టడానికి దానంత మంచి సాధనం లేదు. మంత్రి ‘పరిశీలిస్తాం’, ‘ఈ ఏడాదిలో పూర్తిచేస్తాం’ అని సభలో చెప్పిన ప్రతి మాటనూ వెంటాడటానికి ప్రభుత్వ హామీల సంఘం ఉంది. కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ నివేదికలను ప్రజాపద్దుల సంఘం పరిశీలిస్తుంది. కట్టి వదిలేసిన భవనాలు, వాడని నిధులు, నీరు రాని పథకాలు అక్కడే బయటపడతాయి. ఈ సంఘం అధ్యక్ష పదవి ప్రతిపక్షానికి ఇవ్వడం సంప్రదాయం. 2024లో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఆ పదవి చుట్టూ గొడవ జరిగింది. పార్టీలకు దాని విలువ తెలియకపోలేదన్నమాట. దాన్ని వాడుకోవడంలోనే అంత పట్టుదల కనిపించదు. కేరళ శాసనసభ 1980 నుంచి శాఖలవారీగా విషయ సంఘాలను ఏర్పాటు చేసుకుని, పద్దులు సభలో ఓటుకు రాకముందే వాటిని సంఘాల్లో పరిశీలించే పద్ధతి పాటిస్తున్నది. తెలుగు రాష్ట్రాల శాసనసభలు ఈ ఒక్క విషయంలో కేరళను అనుసరించినా శాసనసభ్యుడి ఆర్థిక పాత్ర గుణాత్మకంగా మారుతుంది.

ఈ పాత్రను పూర్తిగా నిర్వహించినవారు తెలుగునాట లేకపోలేదు. సత్తెనపల్లి నుంచి నాలుగు పర్యాయాలు ఎన్నికైన వావిలాల గోపాలకృష్ణయ్య నందికొండ ప్రాజెక్టు కోసం సాగిన ఉద్యమంలో ముందున్నారు. ఆ ప్రాజెక్టే 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జునసాగర్. గన్నవరం నుంచి మూడుసార్లు శాసనసభకు వెళ్లిన పుచ్చలపల్లి సుందరయ్య నదీజలాల గణాంకాలను లోతుగా అధ్యయనం చేసి మాట్లాడేవారు. వీరిద్దరూ ఎన్నడూ మంత్రులు కాలేదు, వీరి కాలంలో నియోజకవర్గ నిధి అనే మాటే లేదు. వారు తమ ప్రాంత ప్రయోజనాన్ని రాష్ట్రానికంతటికీ సంబంధించిన లెక్కగా మార్చి చెప్పగలిగారు, కాబట్టే వారి మాట సభ దాటి వెళ్లింది. 2003లో చేసిన 91వ రాజ్యాంగ సవరణ మంత్రుల సంఖ్యను సభ బలంలో 15 శాతానికి పరిమితం చేసినందువల్ల నేడు 175 మంది సభ్యుల్లో ముఖ్యమంత్రితో కలిపి 26 మందికి, 119 మందిలో 18 మందికి మించి ఆ యోగం పట్టదు. మిగిలినవారికి ఇలాంటి ఉదాహరణలు అవసరమే.

ఇక స్థానిక ఆర్థిక వ్యవస్థలో దేనికి ముందు స్థానం ఇవ్వాలన్న విషయానికి వస్తే, సాగు ప్రధానమైన నియోజకవర్గాల్లో మొదటిది నీరే; అందులోనూ కొత్త ప్రాజెక్టుకన్నా ఉన్నదాని నిర్వహణ. కాలువ చివర ఉన్న పొలాలను చివరి ఆయకట్టు అంటారు. పూడిక, తూముల మరమ్మతు, పైరైతుల అక్రమ మళ్లింపు కారణంగా నీరు అక్కడికి చేరదు. దీనికి విరుగుడుగా ఉమ్మడి రాష్ట్రం 1997లో సాగునీటి వ్యవస్థల నిర్వహణను రైతులకు అప్పగించే చట్టం చేసి, ఎన్నికైన నీటి వినియోగదారుల సంఘాలను ఏర్పరచింది. అప్పట్లో దేశమంతా మెచ్చుకున్న ఈ ఏర్పాటు క్రమంగా నీరసించింది. ఎన్నికలు ఏళ్ల తరబడి జరగలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 డిసెంబరులో వాటికి మళ్లీ ఎన్నికలు జరిగాయి. తెలంగాణ 2015 మార్చిలో ప్రారంభించిన మిషన్ కాకతీయ 46 వేలకు పైగా చెరువుల పునరుద్ధరణను లక్ష్యంగా పెట్టుకుని పూడిక తీయించింది. తీసిన పూడిక మళ్లీ చేరకుండా చూసే వ్యవస్థ మాత్రం అంత బలంగా ఏర్పడలేదు. కొత్త కట్టడానికి శిలాఫలకం ఉంటుంది, మరమ్మతుకు ఉండదు. నిర్వహణ పద్దు ఎప్పుడూ వెనకబడటానికి ఈ చిన్న తేడా ఒక పెద్ద కారణమని చెప్పవచ్చు.

రెండోది మార్కెట్. 1966 నాటి వ్యవసాయోత్పత్తుల, పశుసంపద మార్కెట్ల చట్టం కింద ఏర్పడిన మార్కెట్ కమిటీలు నోటిఫై చేసిన పంటల అమ్మకాలపై రుసుము వసూలు చేసి, ఆ సొమ్ముతో యార్డులు, గోదాములు, కల్లాలు, లింకు రోడ్లు నిర్మించాలి. ఆ కమిటీ పాలకవర్గం నామినేటెడ్ పదవి. ఎవరిని నియమించాలన్న విషయంలో స్థానిక ఎమ్మెల్యే మాటకు ఉన్న బరువు అందరికీ తెలిసిందే. గుంటూరు మిర్చి యార్డు వంటి చోట ఆ పదవికి ఉన్న గిరాకీ తూకంలో మోసాన్ని, తేమ పేరిట తరుగును అరికట్టడానికి ఉన్న గిరాకీ కన్నా ఎన్నడూ తక్కువ కాలేదు. 1999 జనవరి 26న మొదలైన రైతు బజార్లు, దళారీ లేకుండా రైతు నేరుగా కూరగాయలు అమ్ముకోవడానికి ప్రభుత్వం కల్పించిన స్థలం తప్ప మరేమీ కావు. అయినా పాతికేళ్లు దాటినా ప్రజలు వాటిని విడిచిపెట్టలేదు. ఖర్చు తక్కువై, పాలకులు మారినా నిలిచే ఇలాంటి ఏర్పాటును నియోజకవర్గంలోని ప్రతి పట్టణానికీ తేవడం ఒక శాసనసభ్యుడి పదవీకాలానికి చాలినంత పని.

పరిశ్రమల విషయంలో సిరిసిల్ల ఉదాహరణ ఇరువైపులా పాఠం చెబుతుంది. 2000 దశకంలో నేత కార్మికుల ఆత్మహత్యలతో వార్తలకెక్కిన ఆ మరమగ్గాల పట్టణానికి 2017 నుంచి తెలంగాణ ప్రభుత్వం బతుకమ్మ చీరల తయారీ అప్పగించింది. ప్రభుత్వమే కొనుగోలుదారుగా మారి మార్కెట్‌ను సృష్టించడం స్థానిక ఉపాధికి ఎంత బలమైన సాధనమో అది చూపింది. సిరిసిల్లకు ప్రాతినిధ్యం వహించిన శాసనసభ్యుడు మంత్రివర్గంలో జౌళిశాఖ కూడా చూసిన కాలమది. 2023 డిసెంబరులో ప్రభుత్వం మారాక ఆ పథకం ఆగింది. మగ్గాలు కొంతకాలం ఇబ్బంది పడి, తరువాత స్వయం సహాయక సంఘాల మహిళలకిచ్చే చీరల ఆర్డరుతో మళ్లీ కదిలాయి. ఒకే కొనుగోలుదారు మీద ఆధారపడ్డ ఊరి బతుకు ఆ కొనుగోలుదారు ఇష్టాన్ని బట్టి నడుస్తుంది. ప్రభుత్వ ఆర్డరు నడుస్తున్న రోజుల్లోనే బయటి మార్కెట్‌కు పనికొచ్చే రంగు, అల్లిక, కుట్టు పనులను పట్టణంలో పాదుకొల్పడం అందుకే అవసరం. ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2019 జులైలో పరిశ్రమల్లో 75 శాతం ఉద్యోగాలు స్థానికులకే ఇవ్వాలని చట్టం చేసింది. హర్యానా చేసిన ఇదే తరహా చట్టాన్ని అక్కడి హైకోర్టు 2023 నవంబరులో కొట్టివేసింది. కోర్టు సంగతి అలా ఉంచినా, నియోజకవర్గంలోని ఐటీఐలో ఫిట్టరు, వెల్డరు కోర్సులకు బోధకులు లేనప్పుడు ఏ శాతమూ స్థానికుడికి ఉద్యోగం ఇప్పించలేదు.

ఇవన్నీ చేయడానికి శాసనసభ్యుడికి సమయం ఎక్కడుందన్నది న్యాయమైన ప్రశ్నే. తెలంగాణలో 2014 అక్టోబరులో మొదలైన కల్యాణలక్ష్మి, షాదీ ముబారక్ అనే పెళ్లి సాయం పథకాల చెక్కులు ఎమ్మెల్యే చేతుల మీదుగానే అందుతాయి. ముఖ్యమంత్రి సహాయనిధికి రోగుల దరఖాస్తులు రెండు రాష్ట్రాల్లోనూ చాలావరకు ఆయన సిఫారసు లేఖతోనే వెళ్తాయి. బదిలీలు, పింఛన్లు, రేషన్ కార్డులు, పోలీసుస్టేషన్ పంచాయితీలు ఉదయం నుంచే ఇంటి ముందు వరుస కడతాయి. ఇల్లు గడవని మనిషికి లక్షా నూటపదహారు రూపాయల చెక్కు చిన్న విషయం కాదు, దాన్ని తేలిగ్గా తీసుకునే హక్కు ఎవరికీ లేదు. కాకపోతే అర్హత నిర్ణయించేది నిబంధనే అయినప్పుడు చెక్కు నేరుగా బ్యాంకు ఖాతాలో పడవచ్చు. మధ్యలో ఎమ్మెల్యే చెయ్యి ఉండటం వల్ల లబ్ధిదారుకు కలిసొచ్చేదేమీ లేదు, శాసనసభ్యుడికి మాత్రం పూట గడిచిపోతుంది.

ఊళ్లో వీధిదీపం వెలగకపోయినా ఎమ్మెల్యేనే అడగడం వెనుక స్థానిక సంస్థల బలహీనత ఉంది. 73వ, 74వ రాజ్యాంగ సవరణలు గ్రామాలకు, పట్టణాలకు ఎన్నికైన పాలకవర్గాలను తప్పనిసరి చేశాయి. వాటికి ఎంత సొమ్ము పంచాలో ఐదేళ్లకోసారి రాష్ట్ర ఆర్థిక సంఘం సూచించాలని 243-ఐ అధికరణం చెబుతుంది. శాసనసభ్యుడు మండల, జిల్లా పరిషత్తుల్లో పదవీరీత్యా సభ్యుడు. ఆచరణలో సర్పంచి బలపడటం తనకు పోటీ అని భావించే ఎమ్మెల్యేలు తక్కువేమీ కాదు. తెలంగాణ పంచాయతీల గడువు 2024 ఫిబ్రవరిలో ముగిసి, 2025 డిసెంబరులో ఎన్నికలు జరిగేదాకా ప్రత్యేకాధికారుల పాలన సాగింది. ఎన్నికైన పాలకవర్గం లేని పంచాయతీలకు కేంద్ర ఆర్థిక సంఘం నిధులు అందవు కాబట్టి, ఆ నష్టం చిన్నది కాదు. 1996లో కేరళ తన ప్రణాళికా నిధుల్లో మూడో వంతుకు పైగా స్థానిక సంస్థలకు మళ్లించినప్పుడు అక్కడి శాసనసభ్యులకు చిన్న పనుల బరువు తగ్గింది. అధికారం వదులుకోవడంలోని ఈ లాభం తెలుగునాట ఇంకా ఎవరికీ పెద్దగా రుచించినట్టు లేదు.

నియోజకవర్గాల మధ్య అసమానత గురించి కూడా ఒక మాట చెప్పుకోవాలి. పులివెందుల, గజ్వేల్, కుప్పం, కొడంగల్ అనే నాలుగు పేర్లను కలిపేది ముఖ్యమంత్రులకు ప్రాతినిధ్యం ఇచ్చిన చరిత్ర. నాలుగింటికీ ప్రత్యేక ప్రాంతాభివృద్ధి సంస్థలు ఏర్పాటయ్యాయి. ఏ పార్టీ అన్నదానితో నిమిత్తం లేకుండా ఇదే వరస కనిపించడం గమనించదగ్గది. అభివృద్ధికి ప్రత్యేక ప్రణాళిక, దానికో అధికారి, దానికో పద్దు ఉంటే ఫలితం ఉంటుందని ముఖ్యమంత్రులే నమ్ముతున్నారంటే, ఆ సదుపాయం మిగిలిన నియోజకవర్గాలకు ఎందుకు ఉండకూడదన్న ప్రశ్న సహజంగానే వస్తుంది. 2024 డిసెంబరులో స్వర్ణాంధ్ర-2047 పత్రాన్ని విడుదల చేసిన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, 2025లో ప్రతి నియోజకవర్గానికీ ఎమ్మెల్యే నేతృత్వంలో ఒక దార్శనిక ప్రణాళికా విభాగాన్ని ఏర్పాటు చేసింది. 175 నియోజకవర్గాల్లోనూ సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల పార్కులు నెలకొల్పుతామని ప్రకటించింది. ఆలోచన సరైనదే. నియోజకవర్గం అనేది ఎన్నికల కోసం గీసిన గీత మాత్రమేనని, పంటకాలువగాని సంతగాని ఆ గీతను ఖాతరు చేయవని, జిల్లా ప్రణాళికా సంఘమనే రాజ్యాంగబద్ధమైన వేదిక ఇప్పటికే ఉందని గుర్తుంచుకుంటే దాని ప్రయోజనం మరింత పెరుగుతుంది.

ఈ ప్రణాళికలన్నీ ఏదో ఒక రోజు బడ్జెట్ సంపుటంలో ఒక అంకెగా మారవలసిందే. ఆ సంపుటాలు ప్రభుత్వ వెబ్‌సైట్లలో ఎవరికైనా దొరుకుతాయి. 4700 అనే పద్దు సంఖ్య కింద భారీ నీటిపారుదల, 4701 కింద మధ్యతరహా, 4702 కింద చిన్నతరహా, 5054 కింద రోడ్లు, వంతెనల మూలధన వ్యయం పనులవారీగా కనిపిస్తాయి. ప్రతి పనికీ ఎదురుగా నాలుగు గడులుంటాయి: గడచిన సంవత్సరంలో నిజంగా అయిన ఖర్చు, గడుస్తున్న సంవత్సరానికి మొదట వేసిన అంచనా, దాన్ని సవరించిన అంచనా, రాబోయే సంవత్సరానికి కొత్త అంచనా. కొత్త అంచనాలో కోట్లు కనిపించి, నిజంగా అయిన ఖర్చు గడిలో సున్నాలు కనిపించే పనులు ఏ ఏడాది సంపుటంలోనైనా ఉంటాయి. శంకుస్థాపన ఫలకాలు లేచి, పిల్లర్ల దగ్గర ఆగిన వంతెనలూ, తలుపులు బిగించని తూములూ చాలావరకు ఆ వరసల్లోనివే. సభలో పద్దు చర్చకు వచ్చిన పూట తన నియోజకవర్గానికి చెందిన వరసలో ఆ మొదటి గడిలోని అంకెను పైకి చదివి, కారణం చెప్పమని మంత్రిని అడగడానికి శాసనసభ్యుడికి ఎవరి సిఫారసు లేఖా అక్కర్లేదు.